షుగరెంత?

"షుగరెంతుందండీ?" అని మనవాళ్ళు అడిగే తీరు ఎప్పుడైనా గమనించారా? పెళ్ళి భోజనాల దగ్గర, రైల్లో ఎదురు బెర్తు మనిషిని, పొద్దున్నే పార్కులో నడుస్తూ, ఎక్కడైనా అడిగేస్తారు. జవాబు చెప్పే తీరు ఇంకా చిత్రంగా ఉంటుంది. నూట పది ఉందనుకోండి, పక్కవాళ్ళకి కూడా వినపడేలా చెప్తారు. రెండొందల నలభై అయితే మాత్రం ముందు సంజాయిషీ వస్తుంది. మేనకోడలి పెళ్ళి, రెండు రోజులు మాత్రలు సరిగ్గా పడలేదు, నిద్ర లేదు, ఇలా. అంకె ఆ తర్వాత వస్తుంది, అదీ గొంతు తగ్గించి. కళ్ళజోడు పవరెంత అని అడిగితే ఎవరూ ఇలా సంజాయిషీ ఇచ్చుకోరు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారని లెక్క కట్టింది. అంటే ఈ అంకె, దాని వెనకాల ఈ సంజాయిషీ, కొన్ని కోట్ల ఇళ్ళ సంగతి. రక్తంలో చక్కెరని ఇంట్లో కొలుచుకోవడం ప్రపంచంలో ఎక్కడైనా మొదలై యాభై ఏళ్ళు దాటిందంతే. సంజాయిషీ మాత్రం అంతకంటే పాతది. మీటరు పుట్టకముందే పుట్టింది.

తియ్యటి మూత్రం, దాని చుట్టూ చేరే చీమలు మన ప్రాచీన వైద్యులకి తెలుసు. 1674లో ఇంగ్లండులో థామస్ విల్లిస్ దాన్ని రుచి చూసి తేనెలా ఉందని రాశాడు. వందేళ్ళ తర్వాత, 1776లో, మాథ్యూ డాబ్సన్ దాన్ని ఆవిరి చేసి అడుగున మిగిలింది చక్కెరే అని తేల్చాడు. మధుమేహం మీద ఏ వ్యాసం తెరిచినా ఇవి ఉంటాయి కాబట్టి వదిలేద్దాం. నాకు కావలసింది ఈ పరీక్ష వైద్యుడి చేతిలోంచి రోగి వంటింట్లోకి వచ్చిన ఘట్టం.

దాన్ని తెచ్చినవాడు స్టాన్లీ బెనెడిక్ట్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త. 1908లో ఆయన ప్రకటించిన నీలం రంగు ద్రావణం ఇంటర్మీడియట్ బైపీసీ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పరీక్షనాళికలో అయిదు మిల్లీలీటర్ల ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, మరిగే నీళ్ళలో అయిదు నిమిషాలు ఉంచాలి. నీలంగానే ఉండిపోతే చక్కెర లేదు. ఉంటే ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు. పుస్తకంలో సున్నా, ఒక ప్లస్సు, రెండు, మూడు, నాలుగు. కొన్ని దశాబ్దాల పాటు మధుమేహం ఉన్నవాళ్ళు పొద్దున్నే కాఫీ కంటే ముందు పొయ్యి మీద పెట్టుకున్నది ఇదే.

ఇన్సులిన్ రాకముందు ఆ రంగు మీద ప్రాణం వేలాడేది. న్యూయార్కులో ఫ్రెడరిక్ అలెన్ దగ్గర ఉన్న వైద్యమల్లా ఆకలి. మూత్రంలో చక్కెర కనపడనంత వరకే తిండి. కనపడితే ఉపవాసం. ఎలిజబెత్ హ్యూస్ అనే పిల్లకి 1919లో, పదకొండేళ్ళప్పుడు, జబ్బు బయటపడింది. తండ్రి చార్ల్స్ ఇవాన్స్ హ్యూస్ తర్వాత అమెరికా విదేశాంగ మంత్రి అయ్యాడు. మూడేళ్ళు అలెన్ పథ్యం మీద బతికి, 1922 ఆగస్టులో టొరంటోలో బాంటింగ్ దగ్గరికి చేరేటప్పటికి ఆమెకి పదిహేనేళ్ళు నిండబోతున్నాయి. బరువు ఇరవై కిలోలు. ఆ ఏడాది జనవరిలోనే మొదటి మనిషికి ఇన్సులిన్ ఎక్కించారు. ఎలిజబెత్ బతికింది, పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కన్నది, 1981 దాకా ఉంది. ఇన్సులిన్ విజయగాథల్లో ఆమె పేరు తప్పకుండా వస్తుంది. దాని పక్కన ఇంకొక్క మాట కూడా చెప్పుకోవాలి. జీవితమంతా ఆమె తన జబ్బుని దాచిపెట్టింది. తండ్రికి సంబంధించిన కాగితాల్లోంచి కూడా ఆ ప్రస్తావనలు తీయించేసింది. ప్రపంచంలో ఇన్సులిన్ వల్ల బాగుపడ్డ మొదటి కొద్దిమందిలో ఒకరికి, అది చెప్పుకోవాల్సిన సంగతి అనిపించలేదు.

ఎందుకు దాచిందో ఆమె మనసులోకి వెళ్ళి చూడలేం. కానీ అప్పటి గాలి ఎలాంటిదో బాస్టన్‌లో ఇలియట్ జోస్లిన్‌ని చూస్తే కొంత తెలుస్తుంది. జోస్లిన్ గొప్ప వైద్యుడు. 1918లోనే వైద్యుడూ రోగీ కలిసి వాడుకునేలా ఒక పుస్తకం రాశాడు. రోగికి చదువు చెప్పడమే వైద్యం అని నమ్మినవాడు. ఆయనకి ఇష్టమైన బొమ్మ ఒక రథం. పథ్యం, ఇన్సులిన్, వ్యాయామం అనే మూడు గుర్రాల్ని రోగి పగ్గాలు పట్టి నడపాలి. ఏ దుష్ఫలితమూ లేకుండా పాతికేళ్ళు గడిపినవాళ్ళకి ఆయన క్లినిక్ విజయ పతకం ఇచ్చేది. వినడానికి బాగుంటుంది. కానీ పాతికేళ్ళు బుద్ధిగా పగ్గాలు పట్టుకుని కూడా కంటిచూపు పోయినవాళ్ళ సంగతేమిటి? వాళ్ళకి పతకం లేదు. అదృష్టానికీ నడవడికకీ తేడా తెలియని పతకం అది. రంగు ఎరుపు వస్తే గుర్రాలు తప్పు చేశాయని ఎవరూ అనరు, సారథినే అంటారు.

ఇంత బరువు మోసిన ఆ రంగు నిజానికి చెప్పేది చాలా తక్కువ. మామూలుగా రక్తంలో చక్కెర డెసీలీటరుకి 180 మిల్లీగ్రాములు దాటితేగానీ మూత్రంలోకి రాదు. వచ్చినా అది కొన్ని గంటల కిందటి కబురు. పడిపోయినప్పుడైతే ఏమీ చెప్పదు. నీలం రంగు చూసి నిశ్చింతగా పడుకున్న మనిషి ఆ రాత్రే చక్కెర నలభైకి దిగి స్పృహ తప్పొచ్చు. నా వృత్తి భాషలో చెప్పాలంటే, నిన్నటి లాగ్ ఫైల్ చూస్తూ ఇవాళ సర్వరు నడపడం.

రక్తాన్నే కొలిచే పద్ధతి లేక కాదు. హార్వర్డులో ఆటో ఫోలిన్, సియన్ వూ కలిసి రక్తంలో చక్కెరని రంగు గాఢతతో కొలిచే పద్ధతిని 1920 నాటికే ఇచ్చారు. ఇక్కడో చిన్న పక్కదారి. ఫోలిన్ నడిపిన ఆ విభాగంలోనే కొన్నేళ్ళ తర్వాత మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశాడు. 1925లో వాళ్ళిద్దరూ ప్రకటించిన ఫాస్ఫరస్ పరీక్ష కూడా రంగు గాఢతని కొలిచేదే. ఆ తరం జీవరసాయన శాస్త్రం సగం రంగులు చదవడమే అనిపిస్తుంది. కానీ వీటన్నిటికీ ప్రయోగశాల కావాలి, నరంలోంచి తీసిన రక్తం కావాలి, చేయి తిరిగిన మనిషి కావాలి. వంటింటికి పనికిరావు.

వంటింటికి పనికొచ్చేవన్నీ అమెరికాలో ఎల్క్‌హార్ట్ అనే ఊళ్ళోని ఏమ్స్ కంపెనీ నుంచి వచ్చాయి. 1941లో క్లినిటెస్ట్ బిళ్ళ వచ్చింది. పరీక్షనాళికలో వేస్తే దానంతటదే మరుగుతుంది, పొయ్యి అక్కర్లేదు. 1950ల్లో హెలెన్ ఫ్రీ, ఆల్ఫ్రెడ్ ఫ్రీ దంపతులు మూత్రంలో ముంచి చూసే కాగితప్పట్టీలు తయారుచేశారు. 1960ల మధ్యలో డెక్స్‌ట్రోస్టిక్స్ వచ్చింది. ఇది రక్తానికి. పెద్ద చుక్క వేసి, సరిగ్గా ఒక నిమిషం ఆగి, నీళ్ళతో కడిగి, సీసా మీదున్న రంగులతో పోల్చాలి. కంటికి ఆనే రంగుల తేడాతో అంకె చెప్పడం కష్టం కాబట్టి, ఆ రంగుని వెలుతురుతో చదివే యంత్రాన్ని అదే కంపెనీలో ఆంటన్ క్లెమెన్స్ తయారుచేశాడు. కిలోకి పైగా బరువు, గోడకున్న ప్లగ్గులో పెట్టాలి, వందల డాలర్ల ఖరీదు. రోగుల కోసం కాదు, డాక్టర్ల కోసం.

ఇక్కడికొచ్చేసరికి కథలోకి ఒక ఇంజనీరు ప్రవేశిస్తాడు. నా పక్షపాతం దాచుకోను, ఈ చరిత్రలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే.

రిచర్డ్ బెర్న్‌స్టయిన్‌కి 1946లో, పన్నెండేళ్ళ వయసులో, మధుమేహం వచ్చింది. డాక్టర్లు చెప్పినట్టే చేస్తూ పెరిగాడు. ముప్పైలు దాటేసరికి కిడ్నీలు, కళ్ళు, భుజాలు ఒక్కొక్కటే మొరాయించడం మొదలుపెట్టాయి. 1969లో ప్రయోగశాలల వాళ్ళు చదివే పత్రిక తిరగేస్తుంటే ఆ మీటరు ప్రకటన కనపడింది. రోగికి అమ్మరు. కానీ ఆయన భార్య డాక్టరు. ఆవిడ పేరు మీద కొన్నారు.

తర్వాత ఆయన చేసింది మన దగ్గర ఎవరైనా బగ్గు పట్టుకోవడానికి చేసేదే. రోజుకి అయిదారు సార్లు కొలవడం, ఒక్కసారి ఒక్కటే మార్చడం, మళ్ళీ కొలవడం. ఇన్ని యూనిట్ల ఇన్సులిన్ ఎంత దించుతుంది, ఇంత పిండిపదార్థం ఎంత పెంచుతుంది? రోజుకొక పెద్ద ఇంజెక్షన్ బదులు చిన్న చిన్నవిగా విడగొట్టాడు. కొన్నేళ్ళలో చక్కెర దాదాపు మామూలు మనిషి స్థాయికి వచ్చింది, ఆరోగ్యమూ తిరగబడటం ఆపింది. ఇదంతా రాసి పంపితే పేరున్న వైద్య పత్రికలు తిప్పి పంపాయి. డాక్టరు కాని మనిషి మాట ఎవరు వింటారు? అందుకని డాక్టరే అయ్యాడు. 1979లో, నలభై అయిదేళ్ళ వయసులో, వైద్య కళాశాలలో చేరాడు. 2025లో, తొంభై ఏళ్ళకి, చనిపోయాడు.

బెర్న్‌స్టయిన్ చేతిలో 240 అనేది తప్పు కాదు, కొలత. దాన్ని బట్టి తర్వాతి అడుగు వేయొచ్చు. మీటరు ఇంట్లోకి వచ్చింది ఈ రూపంలో. అయితే ఒకటి మర్చిపోకూడదు. ఆ ఇంట్లో రోగి, ఇంజనీరు, మోతాదు మార్చే అధికారం ఉన్నవాడు ముగ్గురూ ఒకడే. పైగా ఆయన చివరికి తేల్చిన పథ్యం రోజుకి ముప్ఫై గ్రాముల పిండిపదార్థం. మన ఇళ్ళలో అది రెండు ఇడ్లీలకి అటూ ఇటూ. అలా బతకగలిగినవాళ్ళకి నమస్కారం.

బెర్న్‌స్టయిన్ ఒంటరిగా చేస్తున్నదాన్ని వైద్య ప్రపంచం పట్టించుకున్నది 1978లో. లండన్‌లో పీటర్ సాంక్సెన్ బృందం, నాటింగ్‌హామ్‌లో రాబర్ట్ టాటర్సాల్ బృందం రోగుల చేత ఇంట్లోనే రక్తం చూపించి, ఫలితాల్ని లాన్సెట్‌లో ప్రకటించాయి. రోజూ వేలు పొడుచుకుంటే జనం పిచ్చెక్కిపోతారేమోనన్న భయం వైద్యుల్లో ఉండేది. జనానికి పిచ్చెక్కలేదు. మూత్రం కంటే ఇదే నయమన్నారు చాలామంది. 1987లో పెన్ను సైజు మీటరు వచ్చింది. అందులో రంగు లేదు. ఎంజైము చక్కెర నుంచి లాగిన ఎలక్ట్రాన్లని ఒక ఇనుప సమ్మేళనం మోసుకొస్తే, వచ్చే కరెంటుని కొలుస్తుంది. ఇవాళ మన ఇళ్ళలో ఉన్న మీటర్లలో చాలావాటి వెనకున్న సూత్రం అదే. ఇక 1993లో డీసీసీటీ అనే పెద్ద అధ్యయనం వాదన ముగించింది. టైప్ 1 ఉన్న 1,441 మందిని ఏళ్ళ తరబడి చూసి, తరచూ కొలుచుకుంటూ చక్కెరని బిగించి పట్టుకుంటే కంటి జబ్బు మొదలయ్యే ప్రమాదం 76 శాతం తగ్గుతుందని చూపించింది. ప్రమాదకరంగా చక్కెర పడిపోవడం మూడింతలైందని కూడా అదే అధ్యయనం చెప్పింది. ఈ రెండో సగాన్ని మన క్లినిక్ గోడల మీద పోస్టర్లు చెప్పవు.

ఈలోగా పాత సంజాయిషీ ఎక్కడికీ పోలేదు. మీటరు పక్కనే ఉన్న నోటు పుస్తకంలోకి చేరింది.

1980ల మొదట్లో మీటర్లలో మెమరీ చిప్పులు పెట్టడం వీలైంది. 1984లో అమెరికాలో కొందరు పరిశోధకులు రోగులకి అలాంటి మీటర్లు ఇచ్చారు, చిప్పు ఉందని చెప్పకుండా. తర్వాత నోటు పుస్తకంతో పోల్చి చూస్తే చాలామందివి కలవలేదు. ఎక్కువ వచ్చినవి కొన్ని పుస్తకంలోకి ఎక్కలేదు. అసలు చూసుకోనివి కొన్ని ఎక్కాయి. చిప్పు సంగతి చెప్పాక పుస్తకాలు ఒక్కసారిగా నిజాయితీపరులయ్యాయి. పరిశోధకులు దీన్ని విశ్వసనీయత సమస్య అన్నారు. నాకు మాత్రం ఇందులో హోంవర్కు కనపడుతుంది. మాస్టారు దిద్దుతారని తెలిసిన పుస్తకంలో పిల్లలు ఏం రాస్తారు?

మా అమ్మ పుస్తకం ఒక ఎల్ఐసీ డైరీ. పరగడుపున ఒక గడి, తిన్నాక రెండు గంటలకి ఒక గడి, స్కేలు పెట్టి గీసుకుంది. 125, 140, 130, 145. ఏడాది పొడుగునా అన్నీ సున్నాతోనో అయిదుతోనో ముగుస్తాయి. మీటరులో ఉన్నవి 137, 162, 188. అడిగితే, "డాక్టరుగారు బాధపడతారురా" అంది. తను కాదు, డాక్టరుగారు. మూడు నెలలకోసారి ఆయన దగ్గరికి వెళ్ళే ముందు వారం రాత్రుళ్ళు అన్నం మానేసి జొన్నరొట్టె. అయితే ఈ ఎత్తు కూడా ఎక్కువ కాలం సాగదు. ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కి చక్కెర అంటుకుని ఉండిపోతుందని ఇరాన్‌కి చెందిన శామ్యూల్ రహ్బార్ 1960ల చివర్లో కనిపెట్టాడు. దాన్నుంచి వచ్చినదే హెచ్‌బీఏ1సీ, రెండు మూడు నెలల సగటు. ఒక వారం జొన్నరొట్టెతో దాన్ని ఒప్పించలేం. మా అమ్మ దాన్ని "ఆ పెద్ద టెస్టు" అంటుంది, పబ్లిక్ పరీక్ష గురించి మాట్లాడినట్టు.

ఈ బాధకి ఒక పేరు, ఒక కొలబద్ద రావడానికి 1995 దాకా పట్టింది. విలియం పొలాన్‌స్కీ అనే మనస్తత్వవేత్త, బాస్టన్‌లోని జోస్లిన్ సంస్థలోని సహచరులతో కలిసి, ఇరవై ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశాడు. పథ్యం తప్పినప్పుడు అపరాధభావం, రాబోయే దుష్ఫలితాల గురించి బెంగ, ఈ జబ్బుతో నేనొక్కణ్ణే అన్న భావన, రోజూ ఇదే పనితో అలసట, ఇలాంటివి ఎంత వేధిస్తున్నాయో సున్నా నుంచి నాలుగు దాకా చెప్పాలి. పతకాలిచ్చిన సంస్థలోనే ఈ ప్రశ్నలు పుట్టడం నాకు బాగా అనిపించింది. ఇది డిప్రెషన్ కాదని, జబ్బుని మోయడంలోంచి వచ్చే వేరే బరువని ఆయన వాదన. నాలుగేళ్ళ తర్వాత రాసిన పుస్తకంలో ఉద్యోగాల వాళ్ళు వాడే బర్నౌట్ అనే మాటనే దీనికీ వాడాడు. ఉద్యోగానికి సెలవుంటుంది. దీనికి లేదు.

మరి ఈ బరువులో మీటరు వాటా ఎంత? ఉత్తర ఐర్లండులో జరిగి 2008లో వెలువడిన ఎస్మాన్ అధ్యయనం దీన్ని నేరుగా చూసింది. కొత్తగా టైప్ 2 బయటపడ్డ 184 మందిలో కొందరికి మీటరు ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. ఏడాది తర్వాత హెచ్‌బీఏ1సీలో తేడా లేదు. తేడా వచ్చింది దిగులు కొలిచే ప్రశ్నల దగ్గర. మీటరు ఉన్నవాళ్ళ స్కోరు ఆరు శాతం ఎక్కువ. దానికి ముందు ఏడాది ఇంగ్లండులో 453 మందితో, 2017లో అమెరికాలోని నార్త్ కరోలినాలో 450 మందితో జరిగిన అధ్యయనాల్లో కూడా, ఇన్సులిన్ వాడని టైప్ 2 వాళ్ళకి రోజూ కొలుచుకోవడం వల్ల చెప్పుకోదగ్గ లాభం కనపడలేదు.

దీన్ని మీటరు దండగ అని చదవడం పొరపాటు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి, చక్కెర పడిపోయే మాత్రలు వాడేవాళ్ళకి, గర్భిణులకి అది ప్రాణావసరం. తేడా ఎక్కడుందంటే, అంకె చూశాక చేయగలిగిన పని ఉందా లేదా అన్న దగ్గర. బెర్న్‌స్టయిన్ 240 చూస్తే మోతాదు మారుస్తాడు. ఉదయం ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర అని చీటీ రాసిచ్చిన మనిషి 240 చూస్తే ఏం చేస్తాడు? నిన్న తిన్న బొబ్బట్టు గుర్తుచేసుకుంటాడు. స్ట్రిప్పు మీద డబ్బు పెట్టి కొనుక్కున్నది ఆ గుర్తుచేసుకోవడమే. అదే మనిషికి, ఫలానా టిఫిను ముందు ఒకసారి, తిన్నాక రెండు గంటలకి ఒకసారి చూసి, పెసరట్టు ఎంత పెంచుతోందో, ఉప్మా ఎంత పెంచుతోందో మీరే తేల్చండి అని చెప్పి ఉంటే కథ వేరు. కానీ అలా చెప్పడానికి డాక్టరుకి పది నిమిషాలు కావాలి. మనకి దొరికేది రెండు.

ఇంకో సంగతి మీటరు పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉంటే ఎంత బాగుండేది! 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, వంద, ఆపైన ఉన్న రీడింగుల్లో 95 శాతం ప్రయోగశాల విలువకి పదిహేను శాతం అటూ ఇటూ ఉంటే చాలు. అంటే అసలు విలువ 140 అయితే మీటరు 119 చూపించినా, 161 చూపించినా అది మంచి మీటరే. "నిన్న 138, ఇవాళ 146, ఎందుకు పెరిగిందంటావు?" అని ఉదయమంతా మథనపడే పెద్దాయనకి చెప్పాల్సిన జవాబు, బహుశా పెరగలేదు, అని.

మాటల వల్ల కూడా ఇంత ఇబ్బంది ఉందని వైద్య సంఘాలు ఆలస్యంగానైనా గుర్తించాయి. 2011లో డయాబెటిస్ ఆస్ట్రేలియా, 2017లో అమెరికన్ నిపుణులు సూచనలు విడుదల చేశారు. మంచి షుగరు, చెడ్డ షుగరు అనొద్దు, కంట్రోలు అనే మాట తగ్గించండి, టెస్ట్ అనకుండా చెక్ అనండి, ఇలా. ఇంగ్లీషులో ఇది కొంచెం కృతకంగా ఉంటుంది. తెలుగులో మనకి 'పరీక్ష' అనే మాట ఒక ఉచ్చు. రక్తానికీ అదే, పదో తరగతికీ అదే. కానీ ఇంట్లో ఎవరూ ఆ మాట వాడరు. "షుగరు చూసుకున్నావా?" అంటారు. చూసుకోవడం అంటే కొలవడమూ అవుతుంది, కనిపెట్టుకుని ఉండటమూ అవుతుంది. అమెరికన్ కమిటీలు వెతుక్కున్న మాట మన నోట్లో ఎప్పటినుంచో ఉంది. దాని వెంటనే "ఎంతొచ్చింది?" అని మార్కుల భాషలోకి దిగిపోతాం, అది వేరే విషయం.

ఇప్పుడు వేలు పొడుచుకోవడం కూడా పోతోంది. 2014లో యూరప్‌లో వచ్చిన లిబ్రే లాంటి సెన్సర్లు భుజానికి అతుక్కుని కూర్చుంటాయి. అవి కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. కాబట్టి కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటాయి. అయినా రోజంతా గీత గీస్తూనే ఉంటాయి. వీటికి ముందు వరసలో ఉన్న సెన్సరు ఒకటి 2013లో జాన్ కాస్టిక్ అనే అమెరికన్ తండ్రికి దొరికింది. ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, నాలుగేళ్ళ కొడుక్కి టైప్ 1. అంకె సెన్సరు తెర మీద కనపడుతుంది గానీ, తను ఆఫీసులో ఉంటే కనపడదు. దానికి కేబులు తగిలించి, కోడు రాసి, ఇంటర్నెట్‌కి ఎక్కించి తన ఫోన్లో చూసుకున్నాడు. అడిగినవాళ్ళకి కోడు ఇచ్చేశాడు. అదే నైట్‌స్కౌట్. కంపెనీ కోసం ఆగం అని ఒక గుంపు తయారైంది. బెర్న్‌స్టయిన్‌కి భార్య పేరు కావాల్సి వచ్చింది, వీళ్ళకి అదీ అక్కర్లేకపోయింది.

నాలుగేళ్ళ పిల్లాడి గీతని తండ్రి చూడటం ఒక కథ. నా స్నేహితుల్లో ఇప్పుడు దీని తిరగేత నడుస్తోంది. సెన్సరు గుంటూరులో తండ్రి భుజం మీద, గీత డాలస్‌లో కొడుకు ఫోన్లో. అక్కడ మధ్యాహ్నం మీటింగులో ఉండగా ఇక్కడ అర్ధరాత్రి గీత పైకి లేస్తుంది. వెంటనే వాట్సాప్ మోగుతుంది: "నాన్నా, పదిన్నరకి ఏం తిన్నావు?" వాళ్ళలో ఒకాయన ఈ మధ్య స్నానం వంకతో సెన్సరు ఊడబీకి పక్కన పెట్టేశాడట. రెండు రోజుల తర్వాత కొడుకు గట్టిగా అడిగితే, నెట్ సరిగ్గా రావట్లేదని చెప్పాడు.